కాదన్న సభలో గోపాలకృష్ణ గోఖలే

ఉద్యోగపర్వము పాఠము చెప్పునపుడు ప్రతి సంవత్సరమును ఏదో యొక తరగతిలో ఎవరో యొక విద్యార్థి లేచి ఒకే ప్రశ్న నడుగుచుండును. సంధి పొసగదని శ్రీకృష్ణునకు ముందుగనే తెలియును గదా! అర్ధరాజ్యము మాట యటుండగా అయిదూళ్ళయినను ఈయనని దుర్యోధనుడు పట్టుపట్టి కూర్చుండగా, తెలిసి తెలిసి ఆయన హస్తినాపురమునకు రాయబారిగా నేల పోవలెను? కాదనిపించుకొనుటకై పోవుట వివేకమా? ఈ ప్రశ్న పిల్లవాడు వేసినదే యైనను చిన్న ప్రశ్న కాదు. ఇంటిలోను, కార్యాలయములోను, సభలోను మనమందరము ఏనాడో యొకనాడు ఒకరి యెదుట నిలిచి, ఒక కోరిక కోరి, లేదను మాట విని వెనుదిరిగినవారమే. ఆ మాట విన్న తరువాత మనము చేయు పనినిబట్టియే మన యోగ్యత తేలుచుండును.

ఆ ప్రశ్నకు బదులు చెప్పవలసి వచ్చినపుడెల్ల నాకు పురాణపురుషులకంటె ముందు మన కాలమునకు దగ్గరివాడైన యొక ఉపాధ్యాయుడు స్ఫురించుచుండును. ఆయన గోపాలకృష్ణ గోఖలే. శ్రీకృష్ణుని వెనుక ఏడక్షౌహిణుల సేన యుండెను. గోఖలే వెనుక సేన లేదు, ధనము లేదు, అధికారము లేదు. ఉన్నదెల్ల లెక్కల పుస్తకము, చక్కని వాక్కు, చెడని యోరిమి. ఈ మూటితో ఆయన ఒక మహాసామ్రాజ్యపు ప్రతినిధుల యెదుట నిలిచి, పలుమారులు కాదనిపించుకొని, కాదనిపించుకొన్న ప్రతిమారును తన వాదమును మునుపటికంటె గట్టిపరచుకొని తిరిగి వచ్చెను. ఆయన చరిత్రలో గెలుపులు లేకపోలేదు. అయినను నా మట్టునకు ఆయన ఓటములే ఎక్కువ బోధకములుగా తోచును.

గోఖలే 1866వ సంవత్సరము మే 9వ తేదీన బొంబాయి రాజధానిలోని రత్నగిరి జిల్లా కోట్లుక్ గ్రామమున జన్మించెను. తండ్రి కృష్ణారావు కాగల్ సంస్థానములో చిన్న యుద్యోగి. గోపాలునకు పదుమూడేండ్లు నిండునప్పటికి తండ్రి గతించెను. అన్న గోవిందుడు తన చదువును చాలించుకొని కాగల్‌లో నెలకు 15 రూపాయల కొలువులో చేరి, అందులో 8 రూపాయలను కొల్హాపురములో చదువుకొనుచున్న తమ్మునికి పంపుచుండెను. మిగిలిన 7 రూపాయలతో ఇల్లంతయు గడచుచుండెను. ఆ 8 రూపాయలలో ఒక్క కాసు వృథా కాకుండ తమ్ముడు చదువుకొనెను. ఒకరి చదువు నిలుచుటకు వేరొకరి చదువు ఆగిపోవలసిన దుస్థితి ఎట్టిదో ఆ బాలుడు తన యింటిలోనే చూచెను. ముందు ముందు దేశమునందలి బిడ్డలందరికి ఉచితముగా చదువు చెప్పింపుడని ఆయన సభలో వాదించిన వాదమునకు మొదటి యక్షరము ఆ యింటిలోనే పడినదనుకొనుట తప్పు కానేరదు.

1884లో బి. ఏ. పట్టము పొందిన గోఖలేకు పెద్ద యుద్యోగములు దొరకకపోవు. న్యాయవాదియై ధన మార్జింపవచ్చును. ఆయన ఆ దారులను విడిచి, 1885లో పూనాలోని న్యూ ఇంగ్లీషు స్కూలులో నెలకు 35 రూపాయల జీతముపై ఉపాధ్యాయుడుగా చేరెను. తిలక్, అగార్కర్ మున్నగువారు నెలకొల్పిన దక్కన్ ఎడ్యుకేషన్ సొసైటీలో జీవితసభ్యుడై, స్వల్ప జీతముతో దీర్ఘకాలము సేవచేయుదునని మాట యిచ్చెను. ఫెర్గూసన్ కళాశాలలో ఇంగ్లీషు, గణితము, చరిత్ర, అర్థశాస్త్రము — ఏది చెప్పవలసి వచ్చినను సిద్ధపడి చెప్పుచుండెను. ఆయన వ్రాసిన అంకగణిత పుస్తకము పెక్కు పాఠశాలలలో చాలకాలము పాఠ్యముగా నుండెను. 1902లో విరమించునంతవరకు ఆయన ముఖ్య వృత్తి బోధనయే. లెక్క తప్పినచో మరల మొదటినుండి వేయుట, ఎక్కడ తప్పినదో వెదకుట — ఈ యలవాటు ఆయనకు రాజకీయములలోనికి వచ్చిన తరువాత కూడ వదలలేదు.

ఆ దినములలో ఆయనకు గురుస్థానమునందు నిలిచినవాడు మహాదేవ గోవింద రనడే. సార్వజనిక సభ పక్షమున ప్రభుత్వమునకు పంపవలసిన విన్నపములను గురుశిష్యులు కూర్చుండి సిద్ధము చేయుచుండిరి. ఒక్కొక్క విన్నపమునకు ఎన్నియో నివేదికలను తిరుగవేసి, ఎన్నియో అంకెలను సరిచూచి, రేయింబవళ్ళు శ్రమింపవలసి యుండెను. ప్రభుత్వమునుండి వచ్చు ప్రత్యుత్తరము తరచుగా రెండు పంక్తులకు మించెడిది కాదు. చిన్నవాడైన గోఖలేకు ఇది మనస్సునకు కష్టముగా నుండెను. ఇంత శ్రమయు బూడిదలో పోసిన పన్నీరగుచున్నది గదా యని యాయన గురువుతో మొరపెట్టుకొనెను. రనడే ఆయన తొందరపాటును వారించి యొక సూక్ష్మము తెలియజెప్పెను. ఈ విన్నపములు పేరునకు మాత్రమే ప్రభుత్వమును ఉద్దేశించినవి. నిజముగా ఇవి ప్రజలకొరకు వ్రాయబడుచున్నవి. ఇట్టి విషయములలో ఎట్లాలోచింపవలెనో ప్రజలు నేర్చుకొనవలెను. ఈ విద్య మన దేశమునకు క్రొత్తది. కావున పెక్కేండ్లు ఫలము నాశింపకుండ పని చేయవలెనని ఆయన యభిప్రాయము.

ఈ యొక్క బోధనముతో గోఖలేకు తిరస్కారమనునది వేరొక రూపమున కన్పట్టెను. ఎదుట కూర్చుండి వినువాడొక్కడే శ్రోత కాడు. వాడు కాదన్నను, చెప్పిన మాట గాలిలో కలిసిపోదు. దానిని వినుచున్నవారు, రేపు చదువబోవువారు, మరునాడు అదే కోరికను కోరబోవువారు వేరుగా ఉందురు. కనుక చెప్పవలసినదానిని చక్కగా, నిజముగా, సంపూర్ణముగా చెప్పుట మన వంతు. ఒప్పుకొనుట ఎదుటివాని వంతు. వాడు తన వంతు చేయలేదని మనము మన వంతును పాడుచేసికొనరాదు.

అయితే ఇంతటి నిబ్బరము ఆయనకు ఒక్కనాటితో అలవడలేదు. 1897లో ఆయన వెల్బీ కమిషను యెదుట సాక్ష్యమిచ్చుటకై లండనునకు పోయెను. భారతదేశపు ఆదాయ వ్యయములను గూర్చి ముప్పదియేండ్ల యువకుడు నిపుణులడిగిన ప్రశ్నలకు తడబడక సమాధానములు చెప్పెను. అదే సమయమున పూనాలో ప్లేగు వ్యాపించి, ఇండ్ల తనిఖీకై నియమింపబడిన సైనికులు ప్రజలను బాధించుచున్నారని ఆయనకు స్వదేశమునుండి జాబులు వచ్చెను. అందులో స్త్రీలపై జరిగిన అత్యాచారమును గూర్చిన ఘోరమైన యారోపణ యొకటి యుండెను. గోఖలే దానిని నమ్మి అచ్చటి పత్రికలో ప్రకటించెను. తిరిగి వచ్చిన తరువాత ఋజువు చూపుమని ప్రభుత్వము నిలదీసెను. జాబులు వ్రాసినవారి పేళ్ళు బయటపెట్టినచో వారికి ముప్పు తప్పదు. పెట్టనిచో తనకు ఋజువు లేదు. ఆయన పేళ్ళు చెప్పలేదు. ఋజువు చేయజాలని మాటను అన్నందులకు 1897 ఆగస్టులో బహిరంగముగా, ఏ షరతును లేకుండ క్షమాపణ చెప్పుకొనెను.

దేశమంతయు ఆయనను పిరికివాడని దూషించెను. ఆ సంవత్సరము అమరావతి కాంగ్రెసులో ఆయన ముఖము చూచుటకు ఇష్టపడనివారుండిరి. ఇటు ప్రభుత్వమునకు చులుకన, అటు స్వజనమునకు వెగటు. అట్టి స్థితిలో కొందరు ప్రజాజీవితమునే విడిచిపెట్టుదురు, మరికొందరు తమ తప్పును సమర్థించుకొనుటకై జీవితమంతయు వెచ్చింతురు. గోఖలే ఈ రెండును చేయలేదు. అది మొదలు ఆయన సభలో పలికిన ప్రతి యంకెకును ఆధారము చేతిలో నుంచుకొనుట నేర్చెను. ఆయన చెప్పినదానిని కాదనవచ్చును గాని తప్పని ఋజువు చేయుట కష్టమని తరువాతి కాలమున ఆయన ప్రత్యర్థులే గ్రహించిరి.

1899 చివర బొంబాయి శాసనసభకును, 1901 చివర వైస్రాయి శాసనసభకును ఆయన యెన్నికయ్యెను. 1902 మార్చి 26వ తేదీన తొలిసారి బడ్జెటుపై ప్రసంగించుచు, ప్రభుత్వము చూపు మిగులు దేశ సౌభాగ్యమునకు గుర్తు కాదనియు, పేదవానిపై పన్ను భారము మితిమీరిపోవుటకు గుర్తనియు ప్రభుత్వపు లెక్కలతోనే చూపెను. అప్పుడు ఉప్పుపై మణుగునకు రెండున్నర రూపాయల పన్ను ఉండెను. దానిని తగ్గింపవలెనని ఆయన కోరెను. ఆ సంవత్సరము తగ్గలేదు. మరుసటి సంవత్సరము మరల అడిగెను. 1903లో రెండు రూపాయలకును, 1905లో రూపాయిన్నరకును, 1907లో ఒక రూపాయికిని పన్ను తగ్గెను. ఈ తగ్గింపంతయు ఒక్కని వలననే జరిగినదని చెప్పరాదు. కాని ఏటేట అదే స్థలమున నిలిచి, అదే కోరికను క్రొత్త యంకెలతో కోరినవాడు ఆయన. అధికారులు లేదన్న యేట ఆయన కోపముతో సభ విడిచి పోలేదు. కొంత ఇచ్చిన యేట తృప్తిపడి ఊరకుండలేదు.

ఇక ఆయన జీవితములో నెల్ల పెద్ద కోరిక, పెద్ద తిరస్కారము — ఉపాధ్యాయులును విద్యార్థులును తప్పక తెలిసికొనవలసినవి — ప్రాథమిక విద్యకు సంబంధించినవి. 1911 జనాభా లెక్కల నాటికి దేశమున అక్షరాస్యులు నూటికి ఆరుగురు మాత్రమే. 1910 మార్చి 18వ తేదీన గోఖలే వైస్రాయి సభలో ఒక తీర్మానమును ప్రవేశపెట్టెను. ప్రాథమిక విద్యను దేశమంతట ఉచితముగను నిర్బంధముగను చేయుటకు ఆరంభము జరుగవలెననియు, అందులకు మార్గములు సూచించుటకై ఒక సంఘమును వేయవలెననియు దాని సారాంశము. ఈ విషయమును శ్రద్ధతో పరిశీలింతుమని ప్రభుత్వము మాట యిచ్చెను. ఆ మాటపై ఆయన తీర్మానమును ఉపసంహరించుకొనెను. ఆ సంవత్సరమే విద్యాశాఖ ప్రత్యేకముగా ఏర్పడి, హార్కోర్టు బట్లరు దానికి సభ్యుడుగా వచ్చెను. అసలు కోరిక మాత్రము తీరలేదు.

ఇచ్చట గోఖలే చేసిన పని సూక్ష్మముగా గమనింపదగినది. ప్రభుత్వము చూపు అభ్యంతరములెవ్వి? దేశమంతట ఒక్కసారిగా నిర్బంధము సాధ్యము కాదు, డబ్బు చాలదు, పాఠశాలలు చాలవు, ప్రజలు తిరుగబడుదురు. ఆయన ఈ యభ్యంతరములను నిందగా భావింపక, తన తరువాతి కోరికకు కొలతలుగా తీసికొనెను. 1911 మార్చి 16వ తేదీన ప్రవేశపెట్టిన ప్రాథమిక విద్యా బిల్లు ఆ కొలతలకు సరిపోవునట్లు కుట్టిన వస్త్రము వంటిది. దేశమంతట నిర్బంధము లేదు. బడికి పోవు పిల్లల సంఖ్య అప్పటికే ఒక నిర్ణీత ప్రమాణమునకు చేరిన ప్రాంతములలో మాత్రమే ఉండును. ఆ ప్రమాణమెంతయో నిర్ణయించునది ప్రభుత్వమే. నిర్బంధము కావలెనని ముందు కోరవలసినది పురపాలక సంఘమో జిల్లా బోర్డో. అదియు ప్రభుత్వానుమతి పొందిన పిమ్మటనే. ఆరు మొదలు పదేండ్ల వయస్సుగల మగపిల్లలతో మొదలుపెట్టి, ఆడపిల్లలకు తరువాత విస్తరింపవచ్చును. నెలకు పది రూపాయలకు లోపుగా ఆదాయముగల తలిదండ్రులనుండి జీతము వసూలు చేయరాదు. ఖర్చునకై స్థానిక సంఘములు విద్యాపన్ను వేసికొనవచ్చును. ప్రభుత్వము భయపడిన ప్రతి ద్వారమునకును తాళము వేసి, ఆ తాళపుచెవిని ప్రభుత్వము చేతికే యిచ్చిన బిల్లు అది.

ఆ పిమ్మట ఒక సంవత్సరము బిల్లు అభిప్రాయములకై దేశమంతట తిరిగెను. గోఖలేయు సభలలో ఉపన్యసించుచు దేశమున తిరిగెను. స్థానిక ప్రభుత్వములు పెక్కు వ్యతిరేకించెను. ప్రజాసంఘములు పెక్కు సమర్థించెను. భూస్వాములలో కొందరు తమ పొలములలో పనిచేయు పిల్లలు బడికి పోయినచో కూలికి ఎవరు వత్తురని జంకిరి. క్రొత్త పన్ను వచ్చునని జంకినవారు కొందరు.

1912 మార్చి నెల ఆయనకు గడ్డు నెల. ఆ నెల 4వ తేదీన ఒప్పందపు కూలీ పద్ధతిని పూర్తిగా రద్దుచేయవలెనని ఆయన తీర్మానము ప్రవేశపెట్టెను. దూరదేశములలోని చెరకు తోటలకు అయిదేండ్ల ఒప్పందముపై మన కూలీలను ఓడలలో తరలించు పద్ధతి యిది. మద్రాసు రాజధానినుండి తమిళులతో పాటు వేలకొలది తెలుగువారును ఆ యోడల నెక్కినవారే. తీర్మానమునకు అనుకూలముగా 22 ఓట్లును ప్రతికూలముగా 33 ఓట్లును వచ్చెను. పదునైదు దినములు గడువకముందే విద్యా బిల్లు చర్చకు వచ్చెను. మార్చి 18, 19 తేదీలలో కలకత్తాలో రెండు దినములు చర్చ సాగెను. బిల్లును ఆమోదింపుడని కాదు, ఉపసంఘమునకు పంపి పరిశీలింపుడని మాత్రమే గోఖలే కోరినది. జిన్నా, మదనమోహన మాలవీయ మున్నగువారు ఆయనకు బాసటగా నిలిచిరి. అధికార సభ్యులందరు ఒక కట్టుగా ఎదురు నిలిచిరి. భారతీయ సభ్యులలోను కొందరు వారితో చేరిరి.

ఓట్ల లెక్క ఎట్లు తేలునో గోఖలేకు చర్చ మొదలుకాక పూర్వమే తెలియును. అయినను ఆయన ప్రసంగమున సాధింపు లేదు, శాపనార్థములు లేవు. ప్రత్యర్థుల యభ్యంతరముల నొక్కటొక్కటిగా తీసికొని బదులు చెప్పెను. ప్రజలు సహింపరనువారికి బరోడా సంస్థానమును చూపెను. అచ్చట శాయాజీరావు గాయకవాడు 1893లో అమ్రేలీ తాలూకాలో ప్రయోగముగా నిర్బంధ విద్యను మొదలుపెట్టి, 1906లో సంస్థానమంతట విస్తరింపజేసెను. ఆ ప్రజలు మన ప్రజలవంటివారే గదా! ఇంగ్లండునందు 1870లో చట్టము వచ్చినను, నిర్బంధము దేశమంతట అమలగుటకు 1880 వరకు ఆగవలసి వచ్చెను. జీతములు రద్దగుట 1891లో గాని జరుగలేదు. తుదకు ఆయన తన బిల్లు ఆ దినముననే తోసివేయబడునని తెలియుననియు, అందులకు తాను ఎవరిని నిందింపననియు తెలిపి, తమ తరమువారు ఓటముల ద్వారముననే దేశసేవ చేయవలసి యున్నదన్న భావమును వెలిబుచ్చెను. పిమ్మట ఓట్లు తీసికొనిరి. అనుకూలముగా 13, ప్రతికూలముగా 38.

ఇంతవరకు వినిన విద్యార్థి ఆయన కంత బాధయే కలుగలేదా యని యడుగవచ్చును. కలుగకుండుటకు ఆయన ఱాయి కాడు. సున్నితమైన మనస్సు కలవాడనియు, మాట పడినచో లోలోపల కుమిలిపోవువాడనియు ఆయన నెరిగినవారందరు చెప్పినదే. మధుమేహము అప్పటికే ఆయన శరీరమును తినివేయుచుండెను. బాధ లేకపోవుట కాదు ఆయన గొప్పతనము. ఆ బాధను వాదములో చొరనీయకపోవుట. సభలో తనను ఓడించిన బట్లరుతో ఆయన వైరము పెట్టుకొనలేదు. ఎందుకనగా, ఈనాడు లేదన్నవానియొద్దకే రేపు మరల పోవలసి యున్నది. నేడు వానిని అవమానించినచో రేపు వాని అహంకారము కూడ ఎదుటి పక్షమున ఓటు వేయును.

ఆ సంవత్సరమే అక్టోబరు 22వ తేదీన ఆయన దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను చేరెను. ఒప్పందము తీరిన పిమ్మట నేటాలులో నిలిచిపోయిన కూలీలపై ఏటేట మూడు పౌనుల తలపన్ను ఉండెను. భర్తకు వేరు, భార్యకు వేరు, యుక్తవయస్సు వచ్చిన బిడ్డలకు వేరు. తెలుగు, తమిళ కుటుంబములెన్నో ఆ పన్ను చెల్లింపలేక మరల ఒప్పందపు కూలికి పోవలసి వచ్చుచుండెను. గోఖలే గాంధీజీని వెంట నిడుకొని ఊరూర తిరిగి, నవంబరులో ప్రిటోరియాలో బోథా, స్మట్సులతో మాటలాడెను. పన్ను రద్దగునని మాట దొరకినదని నమ్మి తిరిగి వచ్చెను. 1913లో తాము అట్టి మాట యీయలేదని ఆ ప్రభుత్వము వెనుకకు పోయెను.

కోరికను కాదనుట వేరు. ఇచ్చిన మాటను కాదనుట వేరు. రెండవదానికి చూపవలసిన యోరిమియు వేరే. ఈ భేదమును గోఖలే యెరుగును. ఈసారి ఆయన మరల విన్నపము వ్రాసికొని కూర్చుండలేదు. గాంధీజీ సత్యాగ్రహమును ఆరంభింపగా, గనులనుండియు తోటలనుండియు వేలకొలది కూలీలు బయటికి వచ్చిరి. గోఖలే వ్యాధిపీడితుడై యుండియు ఉద్యమమునకు ధనము ప్రోగుచేసి పంపెను. ప్రభుత్వములను తంతివార్తలతో మేల్కొలిపెను. ఆండ్రూస్, పియర్సనులను దక్షిణాఫ్రికాకు పంపెను. వైస్రాయి హార్డింజి మద్రాసులో కూలీల పక్షమున బహిరంగముగా మాటలాడెను. 1914లో చట్టము వచ్చి మూడు పౌనుల పన్ను రద్దయ్యెను.

గోఖలే పద్ధతిని ఆనాడే విమర్శించినవారు తక్కువ కాదు. యాచించినచో ఇచ్చువాడు కాడు పరప్రభుత్వము; ప్రజాబలము చూపినగాని పని కాదని తిలక్ పక్షమువారి వాదము. ఆ వాదములో సత్యము లేదనుట న్యాయము కాదు. మూడు పౌనుల పన్ను విషయమున గెలుపు తెచ్చినది రాయబారమొక్కటియే కాదు. జైళ్ళకు పోయిన కూలీల త్యాగము దాని వెనుక నున్నది. మరియొక మాట కూడ ఉపాధ్యాయులు మరువరాదు. గోఖలే యోరిమికి మూల్యము చెల్లించినవాడు గోఖలే యొక్కడే కాడు. 1912లో ఆ బిల్లు తిరస్కరింపబడుట వలన బడిముఖము చూడక పెరిగిన పిల్లలు ఎన్ని లక్షలో! వారికి ఆయన ప్రశాంతత వలన ఒక్క యక్షరమును రాలేదు. కావున ఓటమిని ఓర్చుకొనుట యనగా ఓటమి వలన నష్టము లేదనుకొనుట కాదు. నష్టమెంతయో లెక్కకట్టి గుర్తుంచుకొని, ఆ లెక్కతో మరల వచ్చుటయే ఆయన యోరిమి. బిల్లు పోయిన తరువాతను ఆయన విద్యపై ఖర్చును గూర్చి అడుగుట మానలేదు. 1913లో ప్రభుత్వము విద్యావిధానమును ప్రకటించుచు నిర్బంధమును నిరాకరించినను, ప్రాథమిక విద్యను విస్తరింపవలసిన బాధ్యతను ఒప్పుకొనక తప్పలేదు.

1915 ఫిబ్రవరి 19వ తేదీన గోఖలే పూనాలో కన్నుమూసెను. అప్పటి కాయనకు నలువదియెనిమిదేండ్లు. జీవితమంతయు ఆయనతో విభేదించిన తిలక్ శ్మశానవాటికకు వచ్చి ఆయనను కొనియాడుచు ప్రసంగించెను. ప్రత్యర్థి చేత నివాళి పొందుట సామాన్య విషయము కాదు; వాదములో హద్దు మీరనివానికి గాని అది దొరకదు.

ఆయన కోరిన కోరికలు ఆయనతో పోలేదు. 1916 మార్చిలో మాలవీయ అదే సభలో ఒప్పందపు కూలీ పద్ధతిని రద్దుచేయవలెనని తీర్మానము తేగా ప్రభుత్వము అంగీకరించెను. 1917లో కూలీల సేకరణ ఆగిపోయెను. 1918లో విఠల్‌భాయి పటేలు కృషి వలన బొంబాయి రాజధానిలో పురపాలక సంఘములకు నిర్బంధ విద్య నెలకొల్పు నధికారము వచ్చెను. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టము వచ్చి మన ఆంధ్ర జిల్లాలకును వర్తించెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునాలుగేండ్ల లోపు పిల్లలందరికి ఉచిత నిర్బంధ విద్యను ఆదేశిక సూత్రముగా చేర్చెను. 2002లో రాజ్యాంగ సవరణ వలన అది ప్రాథమిక హక్కయ్యెను. 2009లో చేసిన చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. పదుమూడు మంది మాత్రమే చేయెత్తిన ఆ దినమునకును ఈ దినమునకును నడుమ తొంబదియెనిమిది సంవత్సరములు గడచెను.

తరగతిలో ఆ విద్యార్థి యడిగిన ప్రశ్న యొద్దకు మరల వత్తము. కాదందురని తెలిసియు ఏల పోవలెను? నేను చెప్పు సమాధానమిది. ఎదుటివాడు కాదనుట ఎట్లును వాని చేతిలోని పని. వాడు దేనిని కాదన్నాడో లోకమునకు తేటతెల్లముగా తెలియునట్లు చేయుట మన చేతిలోని పని. గోఖలే 1912లో పోగొట్టుకొన్నది ఓట్లను మాత్రమే. ఆయన బిల్లును చదివినవాడెవ్వడును అటుపిమ్మట నిర్బంధ విద్య అసాధ్యమని సులభముగా అనలేకపోయెను. ఏది ఎట్లు చేయవచ్చునో అందులో వ్రాసి యుండెను. మనము బడికి గది కావలెనని కోరినను, ఊరికి బావి కావలెనని కోరినను, ఆ యధికారి లేదన్ననాడు ఇంటికి వచ్చి చేయవలసిన మొదటి పని ఆయనను తిట్టుట కాదు. ఆయన చూపిన కారణమును కాగితముపై వ్రాసికొని, దానికి బదులు వెదకుట. మరల పోవునపుడు ఆ బదులును చేత పట్టుకొని పోవుట. ఇది చెప్పగా విని ఆ పిల్లవాడు కూర్చుండును. ఒప్పుకొన్నాడో లేదో నాకు తెలియదు. మరుసటి యేడు మరియొకడు లేచి అదే ప్రశ్న నడుగును. నేనును మరల మొదటినుండి చెప్పుదును.